స్టీమ్ బ్లోయింగ్ చూడకుండనే సైట్ మారుతవా తమ్మీ?

ఈ వారం ఉత్తరం భూపాలపల్లి నుంచి. పేరు రాయొద్దన్నడు, ఉత్తరం పెద్దగ ఉన్నది కాబట్టి జర కుదించి పెడుతున్న.

"అన్నా నమస్తే. నాకు 27 ఏండ్లు, మెకానికల్ బీటెక్, హన్మకొండల చదివిన. ఐదేండ్ల నుంచి ఓ థర్మల్ ప్రాజెక్ట్ సైట్ల కాంట్రాక్టర్ తరఫున బాయిలర్ ఎరెక్షన్ చేస్తున్న. మా యూనిట్‌కు హైడ్రో టెస్ట్ (నీళ్లతోని ప్రెషర్ పరీక్ష) అయిపోయింది, ఇంకో మూడు నాలుగు నెలలల్ల లైటప్ (బాయిలర్ల మొదటిసారి మంట పెట్టుడు) అంటున్నరు. ఇప్పుడు కర్ణాటకల కైగా అణు ప్రాజెక్ట్ పని చేసే ఓ కంపెనీ నుంచి ప్లానింగ్ ఇంజినీర్ ఆఫర్ వచ్చింది, జీతం ముప్పై శాతం ఎక్కువ, నెల రోజులల్ల జాయిన్ కావాలంటున్నరు. మా బాపు సింగరేణి, ఆయనేమో సైట్లెంబడి తిరుగుడు బంద్ చేసి ఏఈఈకో సింగరేణి నోటిఫికేషన్‌కో చదువుకోమంటడు. అమ్మకు రేడియేషన్ బుగులు. నా భార్యకు ఇప్పుడు నాలుగో నెల, తను హన్మకొండల ప్రైవేట్ స్కూల్ల టీచర్. నాకు మాత్రం ఎన్నటికైనా ఇట్లాంటి పెద్ద ప్రాజెక్ట్‌కు ప్రాజెక్ట్ మేనేజర్ కావాలని ఉన్నది. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేట్) చెయ్యాల్నా, ఎంబీఏ చెయ్యాల్నా, ఈ లైన్లనే ఉండాల్నా? నువ్వు ఏది చెప్తే అది చేస్త."

తమ్మీ, ఏది చెప్తే అది చేస్త అన్నవ్ గని చెయ్యవు, నాకు తెల్సు, నీ వయసుల నాకు కూడ ఒకాయన చెప్పిండు, నేనూ వినలే. అందుకే అసలు మాట ముందే చెప్పి తర్వాత మిగతావి మాట్లాడుత. ఆఫర్ మంచిదే, లైన్ కూడ మంచిదే, కని నెల రోజులల్ల పోకు. నీ యూనిట్‌కు స్టీమ్ బ్లోయింగ్ (ఆవిరితోని పైపులల్ల చెత్త బయటికి ఊదుడు) అయ్యి, టర్బైన్ తిరిగి, గ్రిడ్‌కు కలిసేదాంక ఉండి పో. ఎందుకనేది కొంచెం పొడుగు ముచ్చట, ఓపికతోని చదువు.

ముందు అమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇంట్ల అది తేలంది నీకు నిద్ర పట్టది. కడుతున్న అణు కేంద్రంల రియాక్టర్ల ఇంధనమే ఉండదు. ఫ్యూయల్ లోడింగ్ అనేది చివరాఖరికి అయ్యే పని, అప్పటిదాంక అది సిమెంటు, సీకులు, పైపులు, కేబుళ్లు, మన థర్మల్ సైట్ లెక్కనే. మరి రేడియేషన్ అసలే ఉండదా అంటే, వెల్డింగ్ జాయింట్లకు ఎక్స్‌రే లెక్క ఫిల్మ్ తీసే సోర్స్ ఉంటది, ఇరిడియం 192, కని అది నువ్వు ఐదేండ్ల నుంచి పక్కన పెట్టుకొని తిరుగుతున్నదే కద, రాత్రిపూట తాడు కట్టి, ఎర్ర లైట్ పెట్టి, అందర్ని అవుతలికి పంపి తీస్తరు, బాయిలర్ ట్యూబ్‌కైనా అదే సోర్స్, అణు కేంద్రం పైప్‌కైనా అదే. ఆ ముచ్చట అమ్మకు ఎన్నడన్న చెప్పినవా? చెప్పి ఉండవు.

కైగాల ఇప్పటికే నాలుగు యూనిట్లు నడుస్తున్నయ్, ఒక్కోటి 220 మెగావాట్లు, కొత్త 5, 6 యూనిట్లు ఆ కేంద్రంలనే. అక్కడ రేడియేషన్ పని చేసేటోళ్లకు అణు భద్రత చూసే ఏఈఆర్‌బీ పెట్టిన హద్దు ఐదేండ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత), బయటి జనానికైతే ఏడాదికి 1. మట్టిల నుంచి, గాలిల నుంచి, ఆకాశం నుంచి మనకు ఊరికనే వచ్చేదే ప్రపంచ సగటు సుమారు 2.4 ఉంటది. ఈ లెక్కలు అమ్మకు ఎక్కయి, ఎక్కాల్సిన పని కూడ లేదు. అమ్మకు ఇట్ల చెప్పు: హైదరాబాద్ పోయినప్పుడు ఈసీఐఎల్ చౌరస్తాల బస్సు దిగుతం కద, ఆ పక్కపొంటే ఉన్న అణు ఇంధన ఫ్యాక్టరీ ఎన్‌ఎఫ్‌సీలనే కైగా లాంటి రియాక్టర్లకు ఇంధనం కట్టలు తయారు చేసేది, అది మొన్న పెట్టింది కాదు, 1970ల నుంచి ఉన్నది. మన అశ్వాపురం కాడ గోదారి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి నడుస్తున్నది, కైగా రియాక్టర్లల్ల పోసేది ఆ రకం నీళ్లే. (అక్కడ పైలంగ ఉండాల్సింది హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ తోని, రేడియేషన్ తోని కాదు, అది వేరే కథ.) అయినా అమ్మ బుగులు అసలు రేడియేషన్ గురించి అయి ఉండదు తమ్మీ, కోడలు కడుపుతోని ఉంటే కొడుకు వెయ్యి కిలోమీటర్ల అవతలికి పోతడేమో అని. ఆ బుగులుకు మిల్లీసీవర్ట్‌లు జవాబు కావు.

బాపు మాట తప్పని నేను అనను. గని మీద బతికినోనికి నౌకరి అంటే ఏందో నీకన్న నాకన్న ఎక్కువ ఎరుక. చదువుకునేదైతే ఏడాది మొత్తం పని వదిలి చదువు, సైట్ల పొద్దంత బాయిలర్ ఎక్కి రాత్రి పది గంటలకు రూంల ఏఈఈ పుస్తకం తెరిస్తే తలకాయ వాలుడు తప్ప ఇంకేం కాదు, రెండేండ్లు గట్లనే పోతయ్. అణు కరెంట్ కేంద్రాలు నడిపే సర్కారు కంపెనీ ఎన్‌పీసీఐఎల్ల ఎగ్జిక్యూటివ్ ట్రెయినీగ పోదామంటే గేట్ స్కోర్ కావాలె, జనరల్‌కు వయసు హద్దు 26, ఓబీసీకి మూడేండ్ల సడలింపు ఉంటది, నువ్వు కేటగిరీ రాయలే కాబట్టి ఈసారి నోటిఫికేషన్ నువ్వే చూసుకో. ఒక మాట మాత్రం బాపుకు యాది చెయ్యి, జైపూర్‌ల రెండు 600 మెగావాట్ల యూనిట్లు కట్టింది సింగరేణే, మీ పక్కన చెల్పూరుల 500, 600 లేచినయ్, రామగుండంల ఎన్టీపీసీ కొత్తగ రెండు 800లు 2023, 2024లల్ల నడుపబట్టింది. అంటే ప్రాజెక్ట్ కట్టినోని చెయ్యి మన జిల్లాలల్ల ఖాళీగ ఉండదు. ఇప్పుడు బయటికి పోతున్నవంటే ఇగ తిరిగి రావు అని కాదు కద.

ఇగ అసలు ముచ్చట.

నేను 1988ల రామగుండంల చేరిన, 500 మెగావాట్ల యూనిట్లు లేస్తున్న టైం అది. తర్వాత ఏడెనిమిదేండ్లకు వేరే రాష్ట్రంల ఓ సైట్, పేరెందుకు, అక్కడ పైపింగ్ మొత్తం నా చేతిల పెట్టిన్రు. రోజూ సాయంత్రం ఆరింటికి రివ్యూ మీటింగ్. "పైపింగ్ ఎంతయింది?" అంటరు, నేను లేచి "92 శాతం సార్" అంట, కూసుంట. పక్క నెల 93. ఆ పై నెల 94. నేను అబద్ధం చెప్తలేను, టన్నుల లెక్క బరాబర్ ఉన్నది, పెద్ద పెద్ద పైపులన్ని పైకి ఎక్కినయ్, బిల్లులు కూడ టన్నుల మీదనే కదా వచ్చేది. క్లయింట్ తరఫున ఓ పెద్దాయన ఉండె, రిటైర్‌మెంట్‌కు దగ్గర, మీటింగ్‌ల ఎన్నడు నోరు తెరిచెటోడు కాదు. ఓనాడు మీటింగ్ అయినంక "స్కూటర్ ఎక్కు" అన్నడు. పైప్ ర్యాక్ కాడికి తీస్కపోయి, "గా పంపు నుంచి షురూ చేసి గా ట్యాంకు దాంక వేలుతోని చూపియ్యి" అన్నడు. చూపిస్తున్న, చూపిస్తున్న, మూడో బెండు కాడ నా వేలు ఆగింది. వాల్వ్ రాలే. వాల్వ్ ఉండాల్సిన జాగల పైపు మూతికి గోనెసంచి ముక్క కుక్కి ఉన్నది, దుమ్ము పోకుండ మనోళ్లే పెట్టిన్రు. ఆయన ఆ గోనెముక్క గుంజి, దులిపి, నాలుగు మడతలు పెట్టి నా చేతిల పెట్టిండు. "ఇది ఎన్ని శాతం?" అన్నడు.

ఆ రాత్రి కూసోని లైన్ వారీగ లెక్క తీసిన. నలభైకి పైన లైన్లుంటే మొదటి నుంచి చివరి దాంక పూర్తయినది ఒక్కటి కూడ లేదు. ఒక దానికి వాల్వ్ లేదు, ఒక దానికి హ్యాంగర్ లేదు, ఒక దానికి రెండించుల డ్రెయిన్ పైప్ లేదు. 94 శాతం పైకెక్కింది, ఒక్క లైన్‌ల కూడ నీళ్లు పోసే పరిస్థితి లేదు. తెల్లారి మీటింగ్‌ల నిలబడి "ఇంకా నాలుగు నెలలు పడుతది" అన్న. మా కంపెనీ పెద్దసారు నా మొకం చూడలే వారం దాంక, ఆ ఏడాది ప్రమోషన్ కూడ పోయింది. పడ్డది కూడ నాలుగు నెలలే, అది వేరే.

దీంట్ల నీకు కావాల్సిందేందంటే, కట్టుడు గదుల లెక్కన నడుస్తది, నడుపుడు సిస్టంల లెక్కన నడుస్తది. ఈ బిల్డింగ్, ఆ ఎలివేషన్, ఇన్ని టన్నులు అని కట్టుకుంట పోతం, కమిషనింగ్‌ టీం (కట్టినదాన్ని నడిపి చూసేటోళ్లు) వచ్చి "నాకు ఫీడ్ వాటర్ సిస్టం ఇయ్యి" అంటది, అది పది గదులల్ల నుంచి పోతది, పది గదులల్ల తలా ఒకటి మిగిలి ఉంటది. ఎప్పుడు గది లెక్క వదిలి సిస్టం లెక్కకు మారాలె అనేది తెలిసినోడే ప్రాజెక్ట్ మేనేజర్. అది ప్రైమావెరా అనే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ నేర్పది. ఒక యూనిట్ చివరి ఆరు నెలలు సైట్ల ఉన్నోనికి తప్ప అర్థం కాదు. నువ్వు ఐదేండ్లు బాయిలర్ లేపి, సరిగ్గ ఆ ఆరు నెలలు వచ్చే టైంకు సూట్‌కేస్ సదురుతున్నవ్. ముప్పై శాతం జీతానికి గీ ఆరు నెలలు అమ్ముకునుడు నాకైతే గిట్టుబాటు బేరం అనిపిస్తలేదు.

స్టీమ్ బ్లోయింగ్ గురించి విన్నవ్ గని చూడలే అనుకుంట. బాయిలర్‌ల ప్రెషర్ పెంచి ఒక్కపారి వాల్వ్ తెరిస్తే లైన్ల ఉన్న తుప్పు, వెల్డింగ్ ముక్కలు అన్ని ఆవిరి ఎంబడి బయటికి కొడ్తయ్, ఆ మోతకు పక్క ఊర్లల్ల పశువులు తాడు తెంపుకుంటయని ముందే చాటింపు వేయిస్తరు. పైపు చివర్ల మెత్తని లోహం పట్టీ పెడ్తరు, టార్గెట్ ప్లేట్ అంటరు. ఒక్కో బ్లో అయినంక దాన్ని తీసి చూస్తరు, మొదట్ల మశూచి మొకం లెక్క గుంతలు గుంతలు ఉంటది, రోజులకు రోజులు కొడితే గుంతలు తగ్గుకుంట వస్తయ్, లెక్క ప్రకారం నునుపుగ వచ్చేదాంక ఆగరు, ఎందుకంటే ఆ ముక్కల్ల ఒక్కటి పోయినా టర్బైన్ బ్లేడ్ల పని ఖతం. నువ్వు మూడేండ్ల కింద పెట్టించిన జాయింట్ లోపల గ్రైండింగ్ పొడి దులిపిన్రా లేదా అనేది ఆ ప్లేట్ మీద కనబడ్తది. ఆ ప్లేట్ ఒక్కసారి చేతిల పట్టుకొని చూడు, తర్వాత నువ్వు వేసే ఏ షెడ్యూల్ అయినా వేరేగ ఉంటది.

ఇప్పుడు అణు సైట్‌కు వద్దాం. ఇందాక గోనెముక్క చెప్పిన కద, థర్మల్ల అది దొరికితే తిట్లు తింటం, అణు కేంద్రం ప్రైమరీ సైడ్‌ల (రియాక్టర్ దిక్కు పైపులల్ల) అట్లాంటిది దొరికితే పని ఆగిపోతది, ఎవరు పెట్టిన్రు, ఎప్పుడు పెట్టిన్రు, ఇంకెక్కడ పెట్టిన్రు అని ఎంక్వైరీ. క్లీన్ ఏరియాలకు పోయేటప్పుడు జేబుల పెన్ను కూడ రాసి పోవాలె, లోపలికి పోయిన స్పానర్ బయటికొచ్చినట్టు సంతకం ఉండాలె. ఒక జాయింట్ వెల్డ్ చేస్తే వెల్డర్ నంబరు, ఎలక్ట్రోడ్ బ్యాచ్, దాన్ని ఓవెన్ల ఎంతసేపు ఎండబెట్టిన్రు, రూట్ పాస్ అయినంక ఎవరు చూసిన్రు, ఫిల్మ్ ఎవరు చదివిన్రు, అన్ని ఫైల్ల ఉండాలె, వెల్డింగ్‌కు రెండు గంటలు పడితే కాగితానికి రెండు రోజులు పడ్తది. హోల్డ్ పాయింట్ అని పెడ్తరు, ఆ పాయింట్ కాడ ఇన్‌స్పెక్టర్ వచ్చి సంతకం పెట్టేదాంక పక్క అడుగు వెయ్యొద్దు. నీ లాంటి థర్మల్ పిల్లలు పోయి మొదట కొట్టుకునేది గిక్కడ్నే. "ఏముంది సార్, పని మంచిగనే అయింది కద" అంటరు. పని మంచిగ అయితే సరిపోదు, అయినట్టు రుజువు ఉండాలె. థర్మల్ల పేపర్ పని వెనక నుంచి చేసుకోవచ్చు అనే అలవాటు ఉంటే ఆ అలవాటు కాజీపేట స్టేషన్ల వదిలిపెట్టి పో.

ఇంకోటి, మెకానికల్ వాళ్లం సివిల్ పనిని చూడం, అదేదో వాళ్లది అనుకుంటం. అణు కేంద్రంల నువ్వు నాలుగేండ్ల తర్వాత వెల్డ్ చేసే పైప్ సపోర్టుకు ఆధారం, ఇయ్యాల కాంక్రీట్‌ల పాతి పెట్టే ఇనుప ప్లేటు, ఎంబెడెడ్ ప్లేట్ అంటరు. అది గోడల పోసేటప్పుడే కరెక్ట్ జాగల ఉండాలె. సీకులు ఎంత దట్టంగ ఉంటయంటే కొన్ని కాడ వేలు పట్టది, వాటి నడుమ ఆ ప్లేటు రెండించులు జరిగిందనుకో, ఆ రోజు ఎవ్వనికి తెల్వది, నాలుగేండ్లకు నీ సపోర్ట్ గాలిల ఉంటది. అప్పుడు గోడకు డ్రిల్ కొడ్తమంటే మన ఇంటి గోడ కాదు కద, డిజైన్ ఆఫీస్ ఒప్పుకోవాలె. అందుకే కాంక్రీట్ పోసే ముందు పోర్ కార్డ్ అని ఒకటి తిప్పుతరు, సర్వే, సీకులు, ఎంబెడెడ్ ప్లేట్లు, ఎలక్ట్రికల్, మెకానికల్, క్వాలిటీ, అందరు సంతకం పెట్టాలె. చాలామంది మెకానికల్ పిల్లలు ఆ కార్డ్ మీద చూడకుండ సంతకం గీకుతరు, నేను గీకిన్న, సిగ్గులేకుండ చెప్తున్న. నువ్వు గీకకు, దిగి టేప్ పట్టుకొని చూసి పెట్టు.

కైగా పేరు ఎత్తినవ్ కాబట్టి ఇది తెలుసుకొని పో. 1994 మే 13న కైగా ఒకటో యూనిట్ లోపలి డోమ్, ఇంకా కడ్తుండగనే, అడుగు పొర కాంక్రీట్ ఊడి పడింది. కాంక్రీట్‌ను గట్టిగ పట్టే ఉక్కు కేబుళ్లు బిగిస్తున్న టైం అది. ఆ బిగింపుకు కాంక్రీట్ పొరలు పొరలుగ విడిపోకుండ అడ్డంగ పట్టే సీకులు ఉండాల్సినన్ని లేవు. డిజైన్ మళ్లీ వేసి, డోమ్ మళ్లీ కట్టి, యూనిట్ నడిచే వరకు 2000 వచ్చింది. అదే కేంద్రం ఒకటో యూనిట్ తర్వాత 962 రోజులు ఆగకుండ నడిచి 2018 డిసెంబర్ 31న ఆగింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. రెండు ముచ్చట్లూ ఆ ఒక్క యూనిట్‌వే. నీ ఊరి పక్క ముచ్చట నేను చెప్పాల్నా, మేడిగడ్డ మీ జిల్లలనే కద, 2019ల ప్రారంభమయింది, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాక్ కుంగింది, కేంద్రం నుంచి వచ్చిన డ్యామ్ సేఫ్టీ వాళ్లు ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, మెయింటెనెన్స్ నాలుగింటి మీదా వేలు పెట్టిన్రు. దాని మీద రాజకీయం లొల్లి నాకొద్దు, ఇంజినీరుగ నువ్వు ఆ నాలుగు మాటలు నెమ్మదిగ చదువుకో చాలు.

టైం సంగతి కూడ మాట్లాడాలె, ఎందుకంటే దీంట్ల నీ బతుకు ఉన్నది. కైగా మూడో యూనిట్‌కు మొదటి కాంక్రీట్ 2002 మార్చిల పోసిన్రు, 2007 మేల కరెంట్ అమ్మబట్టిన్రు, ఐదేండ్లు. అది అప్పటికే చాలాసార్లు కట్టిన 220 మెగావాట్ల డిజైన్. అదే కొత్త 700 మెగావాట్ల డిజైన్ల మొదటిది, గుజరాత్‌ల కాక్రపార్ మూడో యూనిట్, 2010 నవంబర్ల కాంక్రీట్ పోస్తే 2020 జూలైల క్రిటికల్ అయింది (రియాక్టర్ల గొలుసు చర్య మొదటిసారి నిలబడ్డది), కమర్షియల్ అయింది 2023 జూన్ల. పన్నెండేండ్లు దాటింది. దాంట్ల నీ వయసుల చేరినోడు బయటికొచ్చేసరికి నలభై. కైగా 5, 6 ఆ 700 డిజైనే, అంటే ఇప్పుడు అది కొత్తది కాదు, అది నీకు కలిసొచ్చేది. కని కల్పాక్కంల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ 2004ల మొదలువెట్టి 2010కి అనుకున్నరు, కోర్ (రియాక్టర్ నడుమ భాగం) నింపుడు మొదలయ్యింది 2024 మార్చిల. బయట దేశాలల్ల ఇంతకన్న మస్తు ఉన్నయ్, ఫిన్లాండ్‌ల ఒల్కిలువోటో 3 అని 2005ల షురూ చేసి 2009కి ఇస్తమన్నరు, మొట్టమొదటి పునాది కాంక్రీట్ల నీళ్లు ఎక్కువైనయని అక్కడ్నే గొడవ మొదలు, రెగ్యులర్‌గ నడిచింది 2023ల. అమెరికాల వోగ్టిల్ 3, 4 ఏడేండ్లు లేటు, 14 బిలియన్ డాలర్లనుకున్నది 30 దాటింది. అదే డిజైన్ తోని సౌత్ కరోలినాల కడ్తున్న రెండు యూనిట్లను 9 బిలియన్ ఖర్చయినంక 2017ల నడుమనే వదిలేసిన్రు. డ్రాయింగ్‌లు పూర్తి కాకముందే తవ్వుడు మొదలువెట్టుడు, బయటి షాపుల తయారైన మాడ్యూళ్లు లేటుగ, తప్పులతోని వచ్చుడు, ఇవే ఎక్కువ కారణాలు. అబుదాబిల బరాకా చూడు, ఒకే డిజైన్, నాలుగు యూనిట్లు ఒకదాని ఎనక ఒకటి, మొదటి దాంట్ల తప్పు చేసినోడే రెండోదాంట్ల దిద్దుకున్నడు, 2012ల షురూ, 2024 సెప్టెంబర్ల నాలుగోది కూడ నడిచింది.

లేటయితే ఏమైతది అంటవేమో. 10,000 కోట్ల అప్పు 9 శాతం వడ్డీకి అనుకో, ఏడాదికి 900 కోట్లు, రోజుకు దగ్గర దగ్గర రెండున్నర కోట్లు. నువ్వు టీ తాగి వచ్చేలోపు లక్షలు. ఈ లెక్క తెలిసినంక మీటింగ్‌ల "రేపు అయితది సార్" అనుడు ఎంత ఖరీదో తెలుస్తది. పెద్దసార్లకు చెడ్డవార్త చెప్పినోని మీద కోపం ఒక వారం ఉంటది, దాచినోని మీద ప్రాజెక్ట్ అయిపోయేదాంక ఉంటది, నా అనుభవం ఇది.

ఇగ నీ ఆఫర్. ప్లానింగ్ ఇంజినీర్ అంటున్నరు. ఈ పేరు మీద రెండు రకాల కొలువులుంటయ్. ఒకటి, పొద్దున సైట్ల దిగి మేస్త్రీ తోని, ఫోర్‌మన్ తోని, స్టోర్స్ వాళ్ల తోని మాట్లాడి, వచ్చే మూడు వారాలల్ల ఏది ఆగుతది, ఎందుకు ఆగుతది అని ముందే పట్టుకునేది. ఇంకోటి, పొద్దంత ఏసీ కంటైనర్ల కూసోని ఎవడో పంపిన శాతాలను ప్రైమావెరాల కొట్టి, రంగు రంగుల బార్లు ప్రింట్ తీసేది. రెండో రకంల పడితే ఐదేండ్లకు నువ్వు మంచి గుమస్తావు అయితవ్, మేనేజర్ కావు. ఏ రకమో హెచ్‌ఆర్‌ను అడిగితే తెల్వది, నీకు బాస్‌గ ఉండేటాయనతోని ఫోన్ల మాట్లాడిపియ్యమను, "సార్, రోజుకు ఎంతసేపు ఫీల్డ్‌ల ఉంట?" అని అడుగు. ఆయన నవ్విండంటే రెండో రకం.

నన్నడిగితే మొదటి రెండేండ్లు క్వాలిటీలనో, సివిల్ మెకానికల్ ఇంటర్‌ఫేస్‌లనో వెయ్యమని అడుగు, ఆ తర్వాత ప్లానింగ్. క్వాలిటీల ఉంటే మంది నిన్ను తిడ్తరు, కని అణు సైట్‌ను ఒక్క కుర్చీల నుంచి మొత్తం చూసేది వాళ్లే. ఆ తర్వాత కాంట్రాక్ట్ చదువు నేర్చుకో, దీన్ని ఇంజినీర్లు పట్టించుకోరు. చాలా పెద్ద ప్రాజెక్టులల్ల ఫిడిక్ అనే అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టులుంటయ్, ఎక్కువ కాడ ఆలస్యానికి కారణం ఎదుటోడు అయితే 28 రోజులల్ల నోటీస్ ఇయ్యాలని ఉంటది, నువ్వు మంచితనంతోని ముప్పయ్యో రోజు ఇస్తే కోట్ల క్లెయిమ్ పోతది. నేను చూసిన. అందుకే రోజూ డైరీ రాయి, చేతితోని, తేదీ వేసి: ఎంతమంది వచ్చిన్రు, క్రేన్ ఎన్ని గంటలు నిలబడ్డది, వాన ఎప్పుడు పడ్డది, డ్రాయింగ్ ఏ రోజు చేతికొచ్చింది. నా డైరీలు ఇప్పటికీ హన్మకొండల అటక మీద ఉన్నయ్, మా ఇంట్ల ఆమె పాత పేపర్లోనికి వేస్త అంటది ప్రతి దసరాకు.

పీఎంపీ ఇప్పుడు వద్దు. నాలుగేండ్ల డిగ్రీ ఉన్నోనికి కూడ మూడేండ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపియ్యాలె దానికి, నువ్వు ఇంకా నడపలే, ఎరెక్షన్ చేసినవ్, తేడా ఉన్నది. ముప్పై రెండు, ముప్పై మూడుకు చెయ్యి, అప్పుడు పుస్తకంల ప్రతి పేజీకి నీకొక తిట్లు తిన్న రోజు యాదికొస్తది. ఎంబీఏ ముచ్చట అసలే ఎత్తకు ఇప్పుడు.

ఈ లైన్ల పని ఉంటదా అంటే ఉంటది, దాని మీద నాకు పెద్ద అనుమానం లేదు. 2017ల కేంద్రం ఒక్కపారే పది 700 మెగావాట్ల యూనిట్లకు ఓకే చెప్పింది, 2047 కల్లా 100 గిగావాట్లు అని 2025 బడ్జెట్‌ల పెట్టుకున్నరు, అప్పటికి ఉన్నది తొమ్మిది గిగావాట్లకు తక్కువే. కైగా 5, 6 పని 2025ల 12,800 కోట్లకు మన హైదరాబాద్ కంపెనీ మేఘాకే వచ్చింది. వంద అయితదా అంటే నేను నవ్వి ఊకుంట, దాంట్ల సగం అయినా నీ సర్వీస్ మొత్తానికి సరిపోతది. మనుషులే లేరు, నా తోటి వాళ్లంత రిటైరయిన్రు, నడుమ వయసోళ్లు సాఫ్ట్‌వేర్‌కు పోయిన్రు.

ఇంటి సంగతి. భార్యకు నాలుగో నెల అన్నవ్, అంటే కాన్పు ఇంకో ఐదు నెలలకు. నీ యూనిట్ లైటప్, స్టీమ్ బ్లోయింగ్, సింక్రనైజేషన్ కూడ గా టైంకే పడ్తయ్, అది చూసుకో, దేవుడు నీకు రెండు కారణాలు ఒక్కతాన పెట్టిండు. కైగా అంటే కాళీ నది పక్కన అడవి, కార్వార్ దిక్కు, జూన్ నుంచి వాన పడితే మన ముసురు లెక్క నాలుగు రోజులకు ఆగేది కాదు, కొత్త ఊరు, కొత్త భాష, చంటిపిల్ల. తను హన్మకొండల కాన్పు అయ్యి, పాపకో బాబుకో ఆర్నెల్లు దాటినంక వస్తదో రాదో తననే అడుగు, నువ్వు నిర్ణయం చేసి చెప్పకు, ఉత్తరంల తన మాట ఒక్కటి కూడ లేదు, బాపుది ఉన్నది, అమ్మది ఉన్నది. తనకు అక్కడ టీచర్ పని దొరుకుతదా, క్వార్టర్ ఇస్తరా, ఫ్యామిలీ స్టేటస్ ఉన్నదా బ్యాచిలర్ స్టేటస్సా, ఎన్ని నెలలకు ఎన్ని రోజుల లీవు, పేరోల్ అసలు కంపెనీదా లేక నడుమ మనిషిని సప్లై చేసే ఏజెన్సీదా, ఇవన్ని కాగితం మీద రాయించుకో. నోటిమాట ముప్పై శాతం, చేతికొచ్చేసరికి పదిహేను అయిన కేసులు మస్తు.

కంపెనీకి ఇట్ల మెయిల్ పెట్టు: "నా ప్రస్తుత యూనిట్ కమిషనింగ్‌ల ఉన్నది, అది పూర్తి చేసి ఆరు నెలలకు చేరుత, కమిషనింగ్ అనుభవంతోని వస్త." సోయి ఉన్న కంపెనీ అయితే ఆగుతది, నీ లాంటోడు కమిషనింగ్ చూసి వస్తే వాళ్లకే లాభం. ఆగం అన్నరంటే వాళ్లకు మనిషి కావాలె, నువ్వు కాదు, గసొంటి ఆఫర్ ఆరు నెలలకు ఇంకోటి వస్తది. మీ సైట్ ఇంచార్జితోని కూడ ఇయ్యాల్నే మాట్లాడు, ఎరెక్షన్ నుంచి కమిషనింగ్ టీంకు మార్చమని అడుగు, జీతం పెంచమని అడగకు, ఊకె అడుగు, వాళ్లకు ఆ టైంల మనుషులు తక్కువ పడ్తరు, ఇస్తరు.

స్టీమ్ బ్లోయింగ్ ఆఖరి రోజు టార్గెట్ ప్లేట్ ఫోటో తీసి పంపు, మొదటి రోజుది కూడ పంపు, పక్కపక్కన పెట్టి చూద్దాం. చెవులల్ల దూది పెట్టుకొని పో.